నా కొలతతో అతనికి అల్లిన స్వెట్టర్

మా గార్డంకుల్ పోయిన కబురు నాకు కాజీపేట నుంచి వచ్చింది. మౌలాలిలో ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడకు ఇవతల నేను పళ్లు తోముకుంటున్నాను. అవతల ఆయన నిద్రలోనే వెళ్లిపోయి ఉన్నారు. పొద్దున్నే టీ పెట్టి లేపబోయిన ఆయన కూతురు ముందు ఫోన్ చేసింది నాకు కాదు, మా అమ్మకూ కాదు. కాజీపేటలో డ్యూటీలో ఉన్న డిగ్రీకి, ఒకప్పుడు వాళ్ల పై గదిలో అద్దెకున్న కుర్రవాడికి. అతను నాకు చేశాడు.

"అన్నా, అంకుల్ పోయిండు. నువ్వు జెర ఇంట్లకు పో. అక్క ఒక్కతే ఉంది."

నాకు ముందు ఏడుపు రాలేదు. నాకన్నా ముందు ఇతనికెందుకు చెప్పారన్న ఆలోచన వచ్చింది. నోట్లో పేస్టు నురగతో ఆ ఆలోచన పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ తన నాన్న గురించి నాలుగు మాటలు రాయమని అక్క అడిగినప్పుడు, మంచి మాటలు మాత్రమే రాయడం నాకు చేతకాదని ముందే చెప్పాను. ఉన్నదే రాయమంది. నేను తొమ్మిదో క్లాసులో బడి మానేసినవాణ్ని, ఉన్నది తప్ప రాయడం రాదు కూడా.

గార్డంకుల్ గూడ్స్ బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. బండికి ముందు డ్రైవరుంటే, చిట్టచివరి బ్రేక్ వ్యానులో ఒంటరిగా కూర్చుని వెళ్లే మనిషి గార్డు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు పెట్టారని తెలిసి ఆయన తెగ నవ్వారు. "మేనేజరంటే తిరిగే కుర్చీ ఉండాలి కదరా. మా వ్యానులో కుర్చీ తిరగదు, మనిషే ఊగుతాడు" అన్నారు. వాళ్ల తాతలు గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కతో చర్చికి వెళ్లడం, మిగతా రోజులు వరండాలో కూర్చుని స్వెట్టర్లు అల్లడం ఆయన పని.

అవును, ఆయనే అల్లేవారు. అంత మీసాలున్న మనిషి ఒళ్లో ఊలు ఉండలు పెట్టుకుని సూదులు ఆడిస్తుంటే, చిన్నప్పుడు మేం గోడ మీంచి చూసి నవ్వేవాళ్లం. ఉద్యోగంలో చేరిన కొత్తలో లాలాగూడలో ఒక డ్రైవరు భార్య, ముసలి ఆంగ్లో ఇండియన్ ఆవిడ, ఆయనకు నేర్పిందట. గూడ్స్ బండిని పక్కనున్న లూప్ లైనులో పెట్టేసి, ప్రయాణికుల బండ్లన్నీ వెళ్లాక గానీ వదలరు. ఒక్కోసారి సగం రోజు అక్కడే. ఆ ఒంటరితనంలో మనసు చెడకుండా ఉండాలంటే చేతికి పని కావాలని ఆవిడ రెండు సూదులు ఇచ్చి పంపిందట. "బండి ఆగితే అల్లిక, కదిలితే చూపు" అనేవారు అంకుల్. రిటైరయ్యాక కూడా అదే పద్ధతి. మా గల్లీ వెనక పట్టాల మీద ఏ బండి వెళ్లినా సూదులు ఒళ్లో పెట్టేసి, చివరి డబ్బా దాటేదాకా చూసేవారు. మా వైపు బండ్లు ఎక్కువ. అందుకే ఒక్క స్వెట్టర్‌కు ఒక్కోసారి చలికాలమంతా పట్టేది.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ఊలు ముట్టుకునేవారు కాదు. అవి జెండాలకీ దీపాలకీ సంబంధించినవి, గార్డు ఒంటి మీద ఉండకూడదు అనేవారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తే కనబడేది బట్టా జెండానా అన్న అనుమానం రాకూడదట. అది రైల్వే వాళ్ల నియమమో ఆయన సొంతమో నాకు తెలియదు. మా అమ్మ ఒకసారి "నాకు గ్రీన్ కలర్ ఒకటి అల్లియ్యరాదు అన్నా" అని అడిగింది. "ఆకుపచ్చ చూపిస్తే నువ్వు బయల్దేరి వెళ్లిపోతావమ్మా, మాకు పండగ పూట భక్ష్యాలు ఎవరు పంపుతారు" అన్నారు. ఊలు కొన్నాక ప్రతి ఉండనూ ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసేవారు. సర్వీసులో ఎన్నిసార్లు కళ్ల పరీక్ష పెట్టినా రంగుల దగ్గర ఒక్కసారీ తప్పలేదని, ఆయన చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

నాకు ఒకచోట ఉండడం చేతకాదు. మొబైల్ షాపు, ఏసీల పని, డెలివరీ, ఇప్పుడు మెట్టుగూడలో బైకుల రిపేరు. డెలివరీ చేసే రోజుల్లో బండి జారి కాలు విరిగింది. ఆరు వారాలు సిమెంటు పట్టీతో మంచం మీద పడి ఉన్నాను. మూడో రోజుకే అమ్మను సతాయించడం మొదలుపెట్టాను. గోడవతలికి వినిపించింది కాబోలు, అంకుల్ వచ్చారు.

"ఏరా, మంచాన్ని కూడా కిక్ కొట్టి స్టార్ట్ చేసేట్టున్నావే?"

"ఏం జెయ్యాలె అంకుల్, పిచ్చి లేస్తుంది."

"ఏం లేదులే. నిన్ను లూప్ లైనులో పెట్టారు. ఇవి పట్టుకో."

సూదులు చూసి నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. "గిది ఆడోళ్ల పని. మా దోస్తులు చూస్తే ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ ఇప్పుడు సిమెంటులో ఉంది. అది విప్పేదాకా ఎక్కడికీ పోదు. ముందు ఇరవై కుట్లు ఎక్కించు."

అలా మొదలైంది. పట్టీ తీసేశాక కూడా మానలేదు. పని నుంచి వచ్చి, చేతులకు అంటిన ఆయిలు కడుక్కుని, ఆయన వరండాలో కూర్చునేవాణ్ని. నాకు ఒకరు ఒక పని నేర్పడం, నేను దాన్ని మధ్యలో వదిలేయకపోవడం అదే మొదటిసారి. వరండాలో రెండు కుర్చీలుండేవి. ఒకటి ఆయనది, ఒకటి నాది.

తర్వాత మూడో కుర్చీ వచ్చింది.

జనగామ వైపు నుంచి ఒక కుర్రవాడు అంకుల్ వాళ్ల పై గదిలో అద్దెకు దిగాడు. బీఎస్సీ చదివి, రైల్వే పరీక్షలకు తయారవుతున్నాడు. డిగ్రీ అని పేరు పెట్టింది నేనే. మంచి ఉద్దేశంతో పెట్టలేదు. అతను మాత్రం "ఏమన్నా" అంటూ ఆ పేరుకే పలికేవాడు. అంకుల్ నాకు చెప్పిన లూప్ లైను కబుర్లన్నీ అతనికీ చెప్పేవారు. నేను నవ్వి ఊరుకున్నవాటిని అతను నోట్సులో రాసుకునేవాడు. సిగ్నళ్ల గురించి ఆయన్ను అతను అడిగే ప్రశ్నలు నాకు అర్థమయ్యేవి కావు. అంకుల్ కళ్లు మెరిసేవి. ఆ మెరుపు నా వల్ల ఎప్పుడైనా వచ్చిందా అని ఆలోచించేవాణ్ని.

రెండేళ్ల కిందట చలి మొదలవుతుండగా ఒక సాయంత్రం అంకుల్ టేపు తెచ్చారు. "ఒరేయ్, చేతులు చాపి నిలబడు" అన్నారు. ఛాతీ, భుజాలు, చేతి పొడవు కొలిచి క్యాలెండర్ వెనక రాసుకున్నారు. ఈసారి కొత్త రకం, షెవ్రాన్ అన్నారు. చాక్‌పీసుతో నేల మీద గీసి చూపించారు. అడ్డంగా వెళ్లే చారలే, కానీ తిన్నగా పోవు, కొండలూ లోయలూగా ఎక్కి దిగుతాయి. కొండ కొన దగ్గర రెండు కుట్లు పెంచాలి, లోయ అడుగున రెండు తగ్గించాలి. పెంచి తగ్గించడం మరిచిపోతే సూది మీద కుట్లు పెరిగిపోయి, బట్ట పక్కకు లాగుతుంది. రంగులు మూడు. కాఫీ, బూడిద, నేవీ బ్లూ.

ఎవరికని నేను అడగలేదు. నన్ను కొలిచారు కదా. అమ్మకు కూడా చెప్పుకున్నాను.

"పాము పాకినట్టు గా గీతలేందిరా. గది ఏస్కొని బజార్లకు పోతవా?" అంది అమ్మ.

"పోత" అన్నాను.

నడుము దగ్గర నుంచి ఒక జానెడు లేచేసరికి పరీక్ష ఫలితాలు వచ్చాయి. డిగ్రీకి ఉద్యోగం వచ్చింది, అదే గార్డు ఉద్యోగం. మిఠాయి డబ్బా పట్టుకుని కిందికి వచ్చాడు. అంకుల్ అతని వీపు తట్టి, ఒళ్లో ఉన్న అల్లిక ఎత్తి చూపించారు. "వస్తుందని నాకు ముందే తెలుసు. అందుకే మొదలుపెట్టా. చలికాలం బ్రేక్ వ్యానులో ఎముకలు కొరుకుతుంది." తర్వాత నా వైపు తిరిగారు. "ముందే కొలిస్తే వీడికి తెలిసిపోతుందని నిన్ను నిలబెట్టాను. ఇద్దరూ ఒకే ఒడ్డూ పొడుగూ."

నేను నవ్వాను. మిఠాయి కూడా తిన్నాను.

వారం తర్వాత నేవీ బ్లూ అయిపోవచ్చిందని, ఇంకో రెండు ఉండలు తెమ్మని అంకుల్ నన్ను జనరల్ బజార్‌కు పంపారు. షాపులో నేవీ బ్లూ ఉంది. దాని పక్క అరలో ముదురు ఆకుపచ్చ ఉంది, నీడలో చూస్తే రెండూ దాదాపు ఒకటే. నా వేలు ఆకుపచ్చ మీద పడింది. పొరపాటున కాదు. ఇంటికి తేగానే ఆయన ఎండలో చూస్తారు, తిడతారు, మళ్లీ మార్చి తేవాలి. నేను రేపు మాపు అంటాను. ఈలోపు చలి పోతుంది, డిగ్రీ కూడా పోతాడు. నా పథకం అంతే. పెద్ద దుర్మార్గం కూడా నాకు చేతకాలేదు.

అంకుల్ కవరులోంచి ఉండలు తీసి, నేరుగా బుట్టలో వేసుకున్నారు.

"ఎండల చూడరా అంకుల్?" అన్నాను.

"నువ్వు తెచ్చావు కదా, ఇంక చూసేదేముంది."

అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. రోజూ సాయంత్రం నా కుర్చీలో కూర్చుని, ఆయన ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చ కొండలూ ఆకుపచ్చ లోయలూ అల్లుతుంటే చూస్తూ ఉన్నాను. మధ్యలో కాఫీ, బూడిద. మళ్లీ ఆకుపచ్చ.

ఒక ఆదివారం మధ్యాహ్నం డిగ్రీ ఆ అల్లికను ముద్దుగా చేతిలోకి తీసుకుని గుమ్మం బయటికి వెళ్లాడు. "అంకుల్, గ్రీన్ సుత ఏసిండ్రా? మీరు ఎయ్యరు కదా" అన్నాడు.

అంకుల్ లేచి ఎండలోకి వెళ్లారు. అల్లికను దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా పెట్టుకుని చూశారు. లోపలికి వచ్చి సూదులతో సహా పాత పేపర్లో చుట్టి బీరువా మీద పెట్టేశారు.

ఆ తర్వాత పది రోజులు మా వరండా చచ్చిపోయినట్టు ఉండింది. బండ్లు వెళ్తుంటే ఆయన తలెత్తడం మానేశారు. అక్కకు భయం వేసి నన్ను పిలిచింది. "తినట్లేదురా. నువ్వు మాట్లాడు, నీతో చెబుతారు." నేను వెళ్లి కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"నేను చివరి డబ్బాలో నిలబడి ఆకుపచ్చ ఊపితేనే ముందు డ్రైవరు బండి తీసేవాడు. నా కన్ను నమ్మి తీసేవాడు. ఇప్పుడు ఆలోచిస్తున్నా. అప్పుడు నేను చూసినవన్నీ సరిగ్గానే చూశానా? ఇట్లాగే చూసి, అదృష్టం బాగుండి ఏమీ కాలేదా?"

ఒక మనిషి తన సర్వీసంతా వెనక్కి తిప్పి ఒక్కొక్క జెండానూ అనుమానించడం నేను చూశాను. దానికి కారణం నేను తెచ్చిన రెండు ఉండలు.

"షాపుల బ్లూ ఉండె అంకుల్" అన్నాను. "గ్రీన్ నేనే తెచ్చిన. తెలిసే తెచ్చిన."

"ఎందుకు?"

"నన్ను నిలబెట్టి కొల్చిండ్రు. వానికి అల్లుతున్రు."

ఆయన నన్ను అంతసేపు ఎప్పుడూ చూడలేదు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నువ్వు మోసం చేశావు" అన్నారు. "నా కన్ను దాన్ని పట్టుకోలేదు. రెండూ నిజమే. ఒకటి నువ్వు సరిచెయ్యి, ఒకటి నేను డాక్టరుకు చూపించుకుంటా."

"అడిగితే నాకు అల్లిస్తుంటిరా?"

"లేదు."

"ఎందుకు?"

"నీకు అల్లుకోవడం వచ్చు. వాడికి రాదు."

ఆ మాటతో నా మంట చల్లారిందని రాస్తే అబద్ధమవుతుంది. చేతికి విద్య ఇచ్చారు, నిజమే. కానీ ఎవరైనా మన కోసం కూర్చుని అల్లడం వేరు. ఆ తేడా ఆయనకు తెలియదని నేను అనుకోను. తెలిసే అన్నారు.

కంటి డాక్టరు శుక్లాలు అన్నాడు. అంకుల్ ఆపరేషన్ గురించి ఏమీ అడగలేదు, ఒక్కటే అడిగారు. "ఇది ఎన్నాళ్ల నుంచి ఉండి ఉంటుంది డాక్టరుగారూ?" రెండు మూడేళ్లు అయి ఉంటుందన్నాడు డాక్టరు. అంకుల్ రిటైరై చాలా కాలమైంది. తిరిగి వస్తూ ఆటోలో ఆయన చర్చి పాట ఒకటి సన్నగా పాడుకున్నారు. మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన ఆపలేదు.

అల్లికలో ఒక్క చారను తీసేయడం కుదరదు. పై నుంచి అక్కడిదాకా వచ్చిన మంచి వరసలు కూడా విప్పాలి. ఆయన విప్పుతుంటే నేను ఉండలు చుట్టాను. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు దగ్గరి పని చేయకూడదన్నారు. నల్ల కళ్లద్దాలతో కూర్చుని, సూదులు నా వైపు జరిపారు.

"పూర్తి చెయ్యి."

"నేనా? వానికా?"

"ఇష్టం లేకపోతే అక్కడ పెట్టు. కన్ను బాగయ్యాక నేనే చేసుకుంటా."

తీసుకున్నాను. ఆయన అల్లిన నడుము భాగం మీద ఛాతీ భాగం నేను అల్లాను. పళ్లు బిగించి అల్లాను. వరస అయినప్పుడల్లా ఆయన కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి, కొండలూ లోయలూ లెక్కపెట్టుకునేవారు.

"నీ చెయ్యి బిగువురా. ఎవరి మీదో కోపంగా ఉన్నావు."

"ఎవరి మీదనో మీకు తెల్వదా?"

"తెలుసులే. అయినా ఒక్క కుట్టూ తప్పలేదు."

స్వెట్టర్ చేతులూ మెడా మాత్రం, కన్ను బాగయ్యాక, ఆయనే ముగించారు. డిగ్రీ ట్రైనింగుకు వెళ్లే రోజు ఇచ్చారు. ఛాతీ భాగం నేను అల్లానని చెప్పబోతుంటే వద్దని తల అడ్డంగా ఊపాను. చెబితే అతను నాకు థ్యాంక్స్ చెబుతాడు. అతని థ్యాంక్స్ నాకు అక్కర్లేదు.

మొన్న సమాధి దగ్గరికి డిగ్రీ ఆ స్వెట్టర్ వేసుకునే వచ్చాడు. డ్యూటీ నుంచి నేరుగా రావడంతో మార్చుకోవడానికి వీల్లేకపోయింది. చర్చి వాళ్లు ఒక్కొక్కరే వచ్చి దాన్ని ముట్టుకుని చూశారు. ఒక పెద్దావిడ అతని భుజం నిమిరి, "గార్డుగారి చేతి పనే కదా బాబూ, జాగ్రత్తగా దాచుకో" అంది. నేను మట్టి వేసి వచ్చి, చేతులు దులుపుకుంటూ పక్కన నిలబడి ఉన్నాను. అక్క మాత్రం నా దగ్గరికి వచ్చింది. "పొద్దున నీ నంబరే నొక్కబోయానురా. నువ్వు గోడ దూకి వచ్చేస్తావు, ఆయన్ను అట్లా చూస్తావు, నాకు ధైర్యం చాల్లేదు" అంది.

సాయంత్రం డిగ్రీకి మౌలాలి యార్డులో గూడ్స్ బండి ఎక్కాల్సి ఉంది. ఆటో దొరకలేదు. నా బండి మీద ఎక్కించుకున్నాను. కొంత దూరం వెళ్లాక వెనక నుంచి అన్నాడు.

"ఒకటి చెప్త, ఏమనుకోకన్నా. ఈ స్వెట్టర్ ఛాతీ కాడ జెర టైటుంటది. చేతులల్ల, నడుము కాడ గాలి సొస్తది. ఛాతీ కాడ మాత్రం అస్సలు సొరదు. వ్యానుల గాలి సీదా అక్కడే కొడ్తది. అంకుల్‌కు ఎరుకే కదా, అందుకే గట్ల అల్లిండు."

"అంతే అయ్యుంటది" అన్నాను.

ఇది చదివితే అతనికి ఆకుపచ్చ ఊలు సంగతీ, ఛాతీ సంగతీ ఒకేసారి తెలుస్తాయి. ఆ రోజు మాత్రం చెప్పలేదు. చూసి నడపాల్సినంత పాడైన రోడ్డది. గుంత వచ్చినప్పుడల్లా అతను ముందుకు జారి నా వీపుకు ఆనుకున్నాడు.

యార్డు గేటు దగ్గర దిగి, "వస్తన్నా" అని పట్టాల వెంట నడిచి వెళ్లిపోయాడు. అతను ఆనుకున్నంత మేర నా చొక్కా ఇంకా వెచ్చగా ఉంది. యార్డు వైపు నుంచి చలిగాలి మొదలైంది. బండి స్టార్ట్ చేయకుండా, గాలి వచ్చే వైపుకే ముఖం పెట్టి, వీపు చల్లబడకుండా అక్కడే నిలబడ్డాను.